గ్యారంటీ లేని మందు

ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో ఒకరికి ఎక్కించాల్సిన మందు నేను ఇంకొకరికి ఎక్కించలేదు. డోసు లెక్క తప్పలేదు. నరంలోంచి సూది జారి చెయ్యి వాచిన కేసులు కూడా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. గొప్పలన్నీ ముందే చెప్పుకుంటున్నానంటే వెనకాల ఏదో ఉందని మీకీపాటికి అర్థమై ఉంటుంది. ఉంది. నేను చేసిన పెద్ద తప్పు సూదితో కాదు, నోటితో. నర్సింగు చదివి ఇప్పుడిప్పుడే వార్డుల్లో అడుగు పెడుతున్న అమ్మాయిలు ఇది చదివితే సంతోషం. చదివి నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు.

గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, క్యాన్సర్ వాళ్లకు కీమో ఎక్కించే వార్డుకి చివరి పదిహేనేళ్లూ నేనే హెడ్ సిస్టర్ని. పొద్దున్నే వచ్చి, కుర్చీలో కూర్చుని మందు ఎక్కించుకుని, సాయంత్రం బస్సుకి ఇంటికి పోయే వార్డు అది. వినుకొండ నుంచి, దర్శి నుంచి, పర్చూరు నుంచి వచ్చేవాళ్లు. మిరపకాయ కోతల రోజుల్లో వాళ్ల బట్టల్లోని ఘాటుకి వార్డంతా తుమ్ములే. మందు సీసాకంటే ముందు ముక్కుకి గుడ్డ వెతుక్కునేవాళ్లం.

రొమ్ము క్యాన్సర్ తొలిదశలోనే దొరికినవాళ్లకి ఆపరేషన్ చేసి గడ్డ తీసేస్తారు. ఆ తర్వాత కూడా కొందరికి మందు ఎక్కిస్తాం. గడ్డలోంచి తప్పించుకున్న కణాలు ఒకటో అరో ఒంట్లో ఎక్కడైనా నక్కి ఉండొచ్చు, ఉండకపోనూవచ్చు. స్కానింగుకి అవి అందవు. మంచంలో పడ్డ మనిషికి మందు ఇవ్వడం తేలిక. ఆపరేషన్ అయి, గాయం మాని, అన్నం తిని నడుస్తున్న మనిషిని పిలిచి, జుట్టు ఊడే మందు, వాంతులు తెచ్చే మందు నెలల తరబడి ఎక్కించుకోమంటే ఎవరు వింటారు? వినిపించడమే మా ఉద్యోగంలో సగం.

ఆ సగంలో నాకు మంచి పేరుండేది. నా దగ్గర కూర్చున్నవాళ్లు ఏడవరని చెప్పుకునేవాళ్లు. నాకూ ఆ పేరంటే ఇష్టం. చాలా ఇష్టం.

నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఊడ్చేసిన తర్వాతి ఏడు. పర్చూరు వైపు ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. కాయ కోతలకి, పత్తి తీతలకి వెళ్లే మనిషి. భర్త కౌలుకి మిరప వేసేవాడు. ఎడమ రొమ్ము తీసేశారు. ఒక గురువారం ఆపరేషన్ జరిగితే, పదకొండో రోజున కుట్లు విప్పించుకుని, మా వార్డు గుమ్మం పక్కన బల్ల మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. శబ్దం రాకుండా ఏడ్చేవాళ్లని చూస్తే నాకు మనసు ఆగదు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఎందుకేడుస్తావు, పిచ్చిదానా? గడ్డ మొత్తం తీసేశారుగా. ఇంక నీకేమీ లేదు."

"నిజంగా ఏమీ లేదా, సిస్టరమ్మా?"

"ఏమీ లేదు. నేను చెప్తున్నాగా!"

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఏడుపు ఆగింది. నేను గర్వంగా లేచి నా పని మీద నేను వెళ్లాను. అప్పటికి ఆవిడ గడ్డ పరీక్ష రిపోర్టు కూడా రాలేదు.

మూడో వారంలో వచ్చింది. చంకలోకి పాకలేదు, అదొక మంచి మాట. కానీ రకం మంచిది కాదు. దురుసుగా పెరిగే రకం, రోజుకో మాత్రతో అదుపులో ఉంచే హార్మోన్ మందులకి లొంగని రకం. కీమో ఒక్కటే దారి. మా డాక్టరు గారు మొగుడూ పెళ్లాలిద్దర్నీ కూర్చోబెట్టి అరగంట చెప్పారు. ఇద్దరూ తలూపారు. సోమవారం రమ్మని రాసిచ్చాం.

సోమవారం రాలేదు. ఆ పై సోమవారమూ రాలేదు. ఫోన్ చేస్తే మొదటిసారి "కోతలండి" అన్నాడు భర్త. రెండోసారి "చుట్టాలొచ్చారండి" అన్నాడు. మూడోసారి ఎత్తలేదు. ఆపరేషన్ నాటి నుంచి ఆరు వారాల లోపల మందు మొదలుపెట్టాలన్నది మా డాక్టరు గారి నియమం. లెక్క చూసుకుంటే అప్పటికి అయిదు వారాలు నిండాయి. వచ్చే గురువారానికి ఆరు.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర మా వార్డు ఆయమ్మ సెల్‌ఫోను నా ముందు పెట్టింది. ఆమెదీ పర్చూరు వైపే. "అమ్మగారూ, ఈవిడ మన పేషెంటే కదా? మా చర్చి గ్రూపులో తిరుగుతా ఉంది" అంది.

వీడియోలో ఆవిడే. తెల్లచీర, తలమీద కొంగు, చేతిలో మైకు. చర్చిలో సాక్ష్యం చెబుతోంది. మా క్రైస్తవ కుటుంబాల్లో పుట్టినవాళ్లకి సాక్ష్యమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. దేవుడు తనకి చేసిన మేలుని పదిమంది ముందు నిలబడి నోటితో చెప్పడం. ఒకసారి చెప్పాక అది వెనక్కి తీసుకునే మాట కాదు. ఊరంతా ఆ మాటకి సాక్షి.

"దేవుడు నన్ను పూర్తిగా స్వస్థపరిచాడు" అంటోంది ఆవిడ. "ఇది నేననే మాట కాదు. గుంటూరులో పెద్ద సిస్టరమ్మ, ముప్పై ఏళ్ల సర్వీసున్న తల్లి, నా చెయ్యి పట్టుకుని చెప్పింది. నీకింక ఏమీ లేదు, నేను చెప్తున్నాగా, అంది." అందరూ స్తోత్రం అన్నారు. చప్పట్లు కొట్టారు.

పెరుగన్నం ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. ఆయమ్మ ఇంకా ఏదో అంటోంది, నాకు వినపడలేదు. రెండు సోమవారాలూ ఆవిడ ఎందుకు రాలేదో తెలిసింది. రాకుండా ఆపింది నేనే.

డాక్టరు గారికి చెప్పకుండా ఉంటే ఎలా ఉంటుందా అని ఓ గంట ఆలోచించాను. అబద్ధమెందుకు, ఆలోచించాను. తర్వాత వెళ్లి చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"అలా ఎందుకన్నారు, సిస్టర్?"

"ఏడుస్తోంది సార్."

ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "ఆరు వారాలు దాటితే మందు అసలు పనిచేయదని కాదు. కానీ దాటిన ప్రతి వారం మనకి నష్టమే. ఒకసారి దాటేసిన వాళ్లు మళ్లీ రారు, అది నా అనుభవం. రేపు ఏ ఊపిరితిత్తుల్లోనో బయటపడితే వస్తారు. అప్పుడూ మందిస్తాం. కానీ అప్పుడు ఇచ్చేది నయం చెయ్యడానికి కాదు, కొన్నాళ్లు గడపడానికి. పూర్తిగా బాగుచేసే అవకాశం ఇప్పుడే ఉంది."

శుక్రవారం ఆయమ్మ ఫోను నుంచి చేశాను. కొత్త నంబరు కదా, భర్త ఎత్తాడు. నా దగ్గర ఒక ఉపమానం ఉండేది. రైతు కుటుంబాలన్నిటికీ అదే చెప్పేదాన్ని, పారని రోజు లేదు. అదే తీశాను.

"ఏమయ్యా, రైతువి. పురుగు కంటికి కనపడకముందే తోటకి మందు కొట్టవా? ఇదీ అంతే."



"కొట్టానండి" అన్నాడు. "పోయినేడు మూడ్రోజులకోసారి కొట్టాను. కనపడకముందు కొట్టాను, కనపడ్డాక కొట్టాను. పురుగుమందుల కొట్లో ఏ డబ్బా ఇస్తే ఆ డబ్బా కొట్టాను. తోట మొత్తం పోయిందండి. నాకు కళ్లు మండటం మిగిలింది. మందు సంగతి మాత్రం నాకు చెప్పమాకండి."

ఫోన్ పెట్టేశాడు. పదిహేనేళ్లు పారిన ఉపమానం ఆ రోజుతో చచ్చింది. దాన్ని మళ్లీ ఎప్పుడూ వాడలేదు.

ఆదివారం తెల్లవారగానే చిలకలూరిపేట బస్సెక్కి, అక్కడ మారి, పర్చూరులో దిగి ఆటో పట్టుకున్నాను. డాక్టరు గారికి చెప్పలేదు. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఆటో అబ్బాయి తుమ్మినప్పుడల్లా బండి పక్కకి లాగుతోంది. ఏం మాట్లాడాలో దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను. వాళ్ల గుమ్మం ముందు దిగేసరికి ఒక్క ముక్క గుర్తులేదు.

ఆవిడ చర్చికి తయారై ఉంది, వీడియోలో చూసిన తెల్లచీరే. నన్ను చూడగానే ముఖం వెలిగింది, మరుక్షణమే ఆరింది. కుర్చీ వేసింది. మంచినీళ్లిచ్చింది. భర్త ఇంట్లో లేడు.

"ఎందుకు రాలేదమ్మా?" అన్నాను.

"ఎట్టా వచ్చేదమ్మా? ఏమీ లేదని అందరి ముందరా చెప్పా. ఇప్పుడు మందు పెట్టించుకుని, బోడిగుండుతో మళ్లీ అదే చర్చికి పోతే నన్నేమంటారు? నన్నంటే అననీ. దేవుడి పేరు మీద అబద్ధమాడినట్టు కాదా?"

"అంతేనా?"

ఆవిడ వీధిలోకి చూసి గొంతు తగ్గించింది. "మా ఆయన ఏనాడూ చర్చి గడప తొక్కలేదమ్మా. రోజూ తాగేవాడు. నా సాక్ష్యం గుమ్మం బయట నిలబడి విని, ఆ రోజే మానేస్తానన్నాడు. ఇరవై రోజులైంది, చుక్క ముట్టుకోలేదు. ఆ సాక్ష్యం ఉత్తిదని తెలిస్తే?"

నేనేదో జుట్టు ఊడుతుందని భయపడుతోంది అనుకుని వచ్చాను. ఆవిడ తక్కెట్లో ఒకవైపు తన ప్రాణాన్నీ ఇంకోవైపు మొగుడి ఇరవై రోజుల్నీ పెట్టుకుని కూర్చుంది. ఆ తూకం నేను వేయించిందే.

"అబద్ధం నీది కాదు, నాది" అన్నాను. "ఆ సంగతి ఇవ్వాళ అక్కడ నేనే చెప్తాను. నీ జబ్బు గురించి కొత్తగా ఒక్క మాట ఎత్తను, నా తప్పు మాత్రమే చెప్తాను. చెప్పనా?"

ఆవిడ నా చేతిలోంచి మంచినీళ్ల గ్లాసు అందుకుంది. "మీ ఇష్టమమ్మా" అంది.

చర్చి చిన్నది. చాపల మీద ఒకవైపు ఆడవాళ్లు, ఒకవైపు మగవాళ్లు. పాస్టరు అయ్యగారు సాధువైన మనిషి, ఆయనే భయపడుతున్నారు. "అమ్మా, మందు మానమని నేను ఒక్క మాటన్లేదు. కానీ ఆ వీడియో నాలుగూళ్లు తిరిగిందమ్మా, ఇప్పుడు నేనేమనాలో నాకే తెలియటం లేదు" అన్నారు. సాక్ష్యాల సమయంలో రెండు నిమిషాలు మాట్లాడమన్నారు.

మైకు తీసుకుని ముందుకెళ్లి నిలబడ్డాను.

"ఈ చెల్లి చెప్పిన పెద్ద సిస్టరమ్మని నేనే" అన్నాను. "ఆమె అబద్ధం చెప్పలేదు. నేను చెప్పింది నమ్మి, నమ్మింది మీకు చెప్పింది. గడ్డ తీసేశారు, గాయం మానింది, అది దేవుడి మేలు. ఆ సాక్ష్యం సాక్ష్యమే. కానీ ఇంకేమీ లేదు అన్న మాట దేవుడిది కాదు, డాక్టరుది కాదు, నాది. రిపోర్టు చూడకుండా చెప్పాను. ఏడుస్తోందని చెప్పాను. నేను మంచిదాన్ననిపించుకోవాలని చెప్పాను. అక్కడ ఏమన్నా మిగిలిందో లేదో నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పాను. మీరందరూ నన్ను క్షమించండి."

ఎవరూ స్తోత్రమనలేదు. ఆడవాళ్ల వైపు ముందు వరసలోంచి ఒక ముసలమ్మ లేచింది. ఊళ్లో ఆవిడ నోటికి అందరూ దడుస్తారని తర్వాత తెలిసింది.

"అయితే ఓ సిస్టరమ్మా! ఇప్పుడు నువ్వు చెప్పే ఆ మందు పెట్టించుకుంటే దానికి మళ్లీ రాదా? రాదని కాయితం రాసిస్తావా?"

అమ్మాయిలూ, ఇక్కడే నేను మీకు చెప్పదలుచుకున్నదంతా ఉంది. "రాదు" అంటే చాలు. రెండక్షరాలు. అందరూ చప్పట్లు కొడతారు, నా పేషెంటు నాతో పాటు బస్సెక్కుతుంది. మంచికోసమే కదా, ఒక ప్రాణం కోసమే కదా అని నా లోపల ఏదో గోల పెడుతోంది. ఆవిడ తలెత్తి నన్నే చూస్తోంది. గుమ్మం అవతల, చెప్పుల దగ్గర, ఆవిడ భర్త నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

"రాసివ్వలేను, పెద్దమ్మా" అన్నాను. "మందు పెట్టించుకున్నా కొంతమందికి మళ్లీ వస్తుంది. పెట్టించుకోకపోతే వచ్చే ప్రమాదం ఇంకా ఎక్కువ. పెట్టించుకుంటే తగ్గుతుంది. నాకు తెలిసింది అంతవరకే."

"అదేం మందు మరి?" అని మగవాళ్లలోంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. ముసలమ్మ కూర్చుంది. నేను మైకు ఇచ్చేసి చాప మీద కూర్చున్నాను. చెడగొట్టాననుకున్నాను. ఒకసారి నోరు జారి చెడగొట్టాను, రెండోసారి నిజం చెప్పి చెడగొట్టాను. ప్రార్థన ముగిశాక చూస్తే ఆవిడా లేదు, గుమ్మం దగ్గర భర్తా లేడు. ముసలమ్మ మాత్రం ఆటో దాకా వచ్చి, మజ్జిగ తాగి వెళ్లమని బలవంతం చేసింది. తాగబుద్ధి కాలేదు కానీ తాగాను.

సోమవారం అందరికంటే ముందు వార్డుకి వెళ్లి కిటికీ దగ్గర కుర్చీ ఎవరికీ ఇవ్వకుండా ఉంచాను. రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం ఆయమ్మ నా ముఖం చూసి, అడగకుండానే, "ఏం తెలవలేదమ్మగారూ" అంది. ఆ రోజు ఒక కొత్త నర్సు సెలైన్ సెట్టులో గాలి బుడగ చూసుకోకపోతే అందరి ముందూ అరిచాను. అరవాల్సింది ఎవరి మీదో నాకు తెలుసు. సాయంత్రం పిలిచి ఆ పిల్లకి సారీ చెప్పాను.

గురువారం పదకొండు గంటలైంది. కుర్చీని ఇంకొకరికి ఇచ్చేద్దామని దుప్పటి మారుస్తున్నాను.

"సిస్టరమ్మా, ఇక్కడేనా కూర్చునేది?"

ఆవిడ. వెనక భర్త, చేతిలో సంచి. నేను చేసిన మొదటి పని సిగ్గుపడాల్సిన పనే. భర్త దగ్గరికి వెళ్లి వాసన చూశాను. మిరపకాయ ఘాటు తప్ప ఇంకేమీ లేదు. అతనికి అర్థమైంది. "లేదండి, తాగలేదండి" అన్నాడు, నవ్వకుండా.

డాక్టరు గారు వచ్చి రక్తపరీక్షలకి రాసి వెళ్లారు. నా వైపు ఒకసారి చూశారు, అంతే. రిపోర్టులు వచ్చేదాకా భర్త వరండాలో నిలబడ్డాడు. ఉండబట్టలేక వెళ్లి అడిగాను.

"మందు మాట చెప్పొద్దన్నావుగా. మరెందుకు తీసుకొచ్చావయ్యా?"

అతను సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"పోయినేడు నేను పోయిన ప్రతి కొట్లోనూ డబ్బా చేతిలో పెట్టి గ్యారంటీ అన్నారండి. పురుగు చావకపోతే నన్నడుగు అన్నారు. అడగటానికి పోతే కొట్టు తలుపులేసుకున్నారు. గ్యారంటీ లేదని చెప్పింది మీరొక్కరేనండి. అదీ అంతమంది ముందర. తప్పు మీదని కూడా చెప్పారు. మూడ్రోజులు ఆలోచించాను. ఈ సిస్టరమ్మది కూడా అబద్ధమైతే మనకి నిజం చెప్పేవాళ్లెవరూ లేరని తీసుకొచ్చానండి."

నేను ఏడ్చాను. ఎవర్నీ ఏడవనివ్వని సిస్టరు వరండాలో గోడకి ఆనుకుని ఏడ్చింది. అతను ఏం చెయ్యాలో తెలియక సంచిలోంచి మంచినీళ్ల సీసా తీసిచ్చాడు.

మధ్యాహ్నం రెండింటికి నరంలోకి సూది నేనే ఎక్కించాను. కుడిచేతికి. మొదటి చుక్క దిగుతుంటే ఆవిడ కళ్లు మూసుకుని పెదాలు కదిపింది. ఏం ప్రార్థన చేసుకుందో అడగలేదు.

తర్వాతి నెలలు సుఖంగా గడిచాయని చెప్పను. జుట్టు ఊడింది, నోరు పూసింది, రెండో విడత తర్వాత జ్వరం వచ్చి మూడు రోజులు మేం ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాం. ఆ మూడు రోజులూ భర్త వార్డు బయట బల్ల మీదే ఉన్నాడు. అన్ని విడతలూ పూర్తి చేసింది. గుండుతోనే చర్చికి వెళ్లిందట. ముసలమ్మ తన పక్కనే చాప మీద చోటిచ్చిందని ఆయమ్మ చెప్పింది.

మందు పనిచేసిందా అని మీరడుగుతారు. నాకు తెలియదు. జబ్బు తిరిగి రాకపోతే, మందు వల్ల రాలేదో, మందు లేకపోయినా రాకపోయేదో ఎవరూ చెప్పలేరు. ఈ మందుతో వచ్చిన చిక్కే అది. పనిచేసిన రోజున కూడా మనకి కనపడదు.

నేను రిటైరవడానికి ముందు వారం ఆవిడ చెకప్‌కి వచ్చింది. పరీక్షలన్నీ బాగున్నాయని డాక్టరు గారు చెప్పారు. అయినా బయటికొచ్చి నా ముందు నిలబడ్డారు మొగుడూ పెళ్లాలు. జుట్టు ఒత్తుగా వచ్చింది, జడ వేసేంత.

"మీరు చెప్పండమ్మా" అంది ఆవిడ.

రిపోర్టు తీసుకుని మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా చదివాను. "ఇవ్వాళ్టికి కనపడేది ఏమీ లేదు" అన్నాను.

"గ్యారంటీ లేదుగా అండీ?" అన్నాడు భర్త.

"లేదు."

"అయితే సరే. ఆర్నెల్లకి మళ్లీ వస్తాం" అని నా చేతిలోంచి రిపోర్టు తీసుకుని, భద్రంగా మడిచి సంచిలో పెట్టుకున్నాడు.